ఎముకలు కొరికే చలిలో టెంటులో వెచ్చగా నిద్రపోవడం ఎలా

చలిలో టెంటు వేసుకుని పడుకున్నవాళ్లు తెల్లారాక చెప్పే మాట చాలావరకు ఒకటే: "పైన ఎంత కప్పుకున్నా వీపు కింద నుంచి చలి ఎక్కుతూనే ఉంది." జవాబు ఆ మాటలోనే ఉంది. అయినా మళ్లీ వెళ్లేటప్పుడు ఇంకో దుప్పటి తీసుకెళ్తారు గానీ, కింద పరుచుకునేదాని సంగతి పట్టించుకోరు.

ముందుగా ఒక విషయం మనసులో పెట్టుకోండి. స్లీపింగ్ బ్యాగ్‌కి తనంతట తాను వేడి పుట్టించే గుణం లేదు. అందులో ఉన్న వేడంతా మీ ఒంటిదే. నిద్రపోతున్న మనిషి ఒంటి నుంచి వచ్చే వేడి సుమారు 70 వాట్లు, అంటే పాతకాలపు బల్బు ఒకటి వెలుగుతున్నంత. ఆ కాస్త వేడిలో కొంత నేల లాక్కుంటుంది, కొంత గాలి ఎగరేసుకుపోతుంది, తడి పీల్చేస్తుంది, మబ్బులేని ఆకాశం కూడా తన వంతు పట్టుకుపోతుంది. ఈ దారులన్నిటినీ ఒక్కొక్కటిగా మూసుకుంటూ రావాలి. అదీ పొద్దు ఉండగానే. చీకటి పడి వేళ్లు కొంకర్లు పోయాక ఏదీ సరిదిద్దుకోలేం.

బయల్దేరే ముందు: ఎంత చలి ఉంటుందో లెక్క కట్టండి

వాతావరణ సూచనలో కనిపించే కనిష్ఠ ఉష్ణోగ్రత తరచుగా దగ్గర్లోని ఊరిది. మీరు పడుకోబోయేది అంతకన్నా ఎత్తులో అయితే ప్రతి 1000 మీటర్లకు సుమారు 6.5 డిగ్రీలు తగ్గించుకోండి. ఊళ్లో కనిష్ఠం 8 డిగ్రీలుండి, మీ చోటు దానికి 1200 మీటర్ల పైన ఉంటే సున్నా దగ్గరకు వచ్చేసినట్టే. రాత్రి మొత్తంలో చలి బాగా ముదిరేది అర్ధరాత్రి కాదు, తెల్లవారుజామున, సూర్యుడు పొడిచే వేళకు. పది గంటలకు "ఫరవాలేదు, బాగానే ఉంది" అనిపించిన ఏర్పాటు నాలుగింటికి చాలకపోవచ్చు.

ఇక బ్యాగ్ మీద రాసిన అంకెలు. వీటిని సరిగ్గా చదవకపోవడం వల్లే ఎక్కువమంది ఇబ్బంది పడతారు. ఐఎస్ఓ 23537 ప్రమాణం ప్రకారం పరీక్షించిన బ్యాగ్ మీద మామూలుగా మూడు ఉష్ణోగ్రతలు ఉంటాయి. మొదటిది కంఫర్ట్: సాధారణ స్త్రీ ఒళ్లు సడలించుకుని హాయిగా నిద్రపోగల హద్దు. రెండోది లిమిట్: సాధారణ పురుషుడు ముడుచుకుని పడుకుని, వణుకు పుట్టకుండా నెట్టుకురాగల హద్దు. మూడోది ఎక్స్‌ట్రీమ్. అది నిద్రకు సంబంధించిన అంకె కానే కాదు, ఆరు గంటలపాటు ప్రాణం నిలబడే హద్దు. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో "మైనస్ 15" అని కనబడితే అది వీటిలో ఏదో తిప్పి చూడండి. మీరు ఆడవారైనా మగవారైనా కంఫర్ట్ అంకెనే నమ్ముకుని, అది మీరు లెక్క కట్టిన కనిష్ఠం కన్నా ఇంకో 5 డిగ్రీలు దిగువకు ఉండేలా ఎంచుకోండి. సన్నగా ఉన్నవాళ్లు, వయసు మళ్లినవాళ్లు, రోజంతా నడిచి అలిసినవాళ్లు మరి కాస్త వెసులుబాటు ఉంచుకోవాలి. కింద పరుచుకునే మంచి మ్యాట్ ఉండి, ఒంటి మీద పొడవు చేతుల లోదుస్తులు ఉన్నాయన్న లెక్కతో వేసిన అంకెలు ఇవి. మ్యాట్ పలచనిదైతే ఆ అంకెకు అర్థమే ఉండదు.

చోటు చూసుకోవడం

చల్లగాలి బరువు. రాత్రి అది నీళ్లలాగే వాలు వెంట జారి పల్లంలో చేరి నిలుస్తుంది. ఏటి ఒడ్డు, లోయ అడుగు, గిన్నెలా ఉన్న మైదానం పగలు చూడముచ్చటగా ఉంటాయి గానీ, రాత్రి అందరికన్నా ముందు మంచు పట్టేది అక్కడే. పల్లానికి కొద్ది మీటర్లు పైన, వాలు మధ్యలో ఉన్న చదునైన చోటు చూడండి. మరీ శిఖరం మీదకు పోతే గాలి వాయిస్తుంది. చెట్లు అండగా ఉంటే రెండు లాభాలు: గాలి ఆగుతుంది, పైన కొమ్మల కప్పు ఉండడం వల్ల టెంటు నుంచి ఆకాశానికి పోయే వేడి తగ్గుతుంది. పైన ఎండుకొమ్మలు వేలాడుతున్నాయేమో మాత్రం తల ఎత్తి చూసుకోండి.

టెంటు సన్నని వైపు గాలికి ఎదురుగా, తలుపు గాలికి చాటుగా ఉండాలి. మంచు మీద వేస్తుంటే ముందు బూట్లతో ఆ చోటంతా తొక్కి, అరగంట గట్టిపడనివ్వండి. అలా చేయకపోతే రాత్రి మీ ఒంటి బరువుకు గుంటలు పడి, మర్నాటికి అవే గడ్డకట్టుకుపోతాయి.

ఒక్కరికి పెద్ద టెంటు ఎందుకు? ఇద్దరు పట్టే టెంటులో ఇద్దరే పడుకుంటే లోపలి గాలి త్వరగా వెచ్చబడుతుంది.

నేల: అసలు పని ఇక్కడే

మీరు పడుకున్నప్పుడు బ్యాగ్ అడుగుభాగం ఒంటి కింద నలిగి కాగితంలా పలచబడుతుంది. అందులోని ఈకలు గానీ పీచు గానీ ఉబ్బి, గాలిని పట్టి ఉంచితేనే వెచ్చదనం. నలిగిన చోట గాలి లేదు, అక్కడ మీకూ నేలకూ మధ్య మిగిలేది మ్యాటే. అందుకే డబ్బు కొద్దిగానే ఉంటే ముందు మ్యాట్ మీద పెట్టండి, బ్యాగ్ సంగతి తర్వాత.

మ్యాట్ ఎంత చలిని ఆపుతుందో చెప్పే అంకె ఆర్-వాల్యూ. రాత్రి 10 డిగ్రీలకు తగ్గని చోట 2 చాలు. సున్నా దగ్గర 4 కావాలి. మంచు మీద, గడ్డకట్టిన నేల మీద 5 నుంచి 6కు తగ్గకూడదు. ఈ అంకెల్లో ఉన్న మంచి గుణం, అవి నేరుగా కూడుకుంటాయి. ఆర్-వాల్యూ 2 ఉన్న ఫోమ్ మ్యాట్ మీద 3.5 ఉన్న గాలి మ్యాట్ వేస్తే 5.5 అవుతుంది. ఈ జోడీనే మేలనడానికి ఇంకో కారణం, గాలి మ్యాట్‌కు రాత్రి చిల్లు పడినా కింద ఫోమ్ ఉంటుంది, ఉత్త నేల మీద పడరు. ఈత కొలనులో తేలడానికి వాడే రకం బోలు గాలి పరుపులు మాత్రం తేవద్దు. లోపల ఏ పొరా లేనందువల్ల అందులోని గాలి ఇటూ అటూ తిరుగుతూ మీ వేడిని నేలకు చేరవేస్తుంది. మడత మంచం మీద పడుకుంటే నేల తగలదు కదా అనుకుంటారు. కింద నుంచి గాలి ఆడుతుంది కాబట్టి మంచం మీదా మ్యాట్ ఉండాల్సిందే.

గాలి నింపేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది. నోటితో ఊదిన గాలి ఇంచుమించు ఒంటి వేడితో లోపలికి పోతుంది. అది సున్నా డిగ్రీలకు చల్లబడితే ఘనపరిమాణం 12 శాతం దాకా తగ్గుతుంది. బిగుతుగా ఊది పడుకున్న మ్యాట్ గంటలో మెత్తబడి తుంటి ఎముక నేలకు ఆనేది ఇందుకే. చిల్లు పడిందని కంగారు పడనక్కర్లేదు. టెంటు వేయగానే నింపేసి, 20 నిమిషాలు చల్లబడనిచ్చి, మళ్లీ కాస్త గాలి పట్టించండి. వీలైతే నోటికి బదులు పంపు సంచి వాడండి, ఊపిరిలోని తడి మ్యాట్ లోపలికి పోకుండా ఉంటుంది. పడుకున్నాక చెయ్యి తుంటి కిందకు దూర్చి చూడండి. వేళ్లకు నేల గట్టిగా తగిలితే గాలి చాలలేదని అర్థం.

మ్యాట్ ఒక్కటే ఉండి అది చాలదనిపిస్తే ఖాళీ చేసిన వీపుసంచీని కాళ్ల కింద, రెయిన్ కోటును నడుము కింద పరచండి. రాలిన ఎండుటాకులు దొరికే చోట, అక్కడి నియమాలు ఒప్పుకుంటే, టెంటు కింద జానెడు మందాన పరిస్తే మంచి పరుపు అవుతుంది. తడి ఆకులు వద్దు. మెరిసే అత్యవసర రేకు దుప్పటిని మ్యాట్‌కు బదులు పరిచి ప్రయోజనం లేదు. రేకు నేలకు ఆనుకుంటే వేడి దాని గుండా తేలిగ్గా దాటిపోతుంది.

బ్యాగ్‌ని మేల్కొలపండి

సంచిలోంచి తీసిన వెంటనే బ్యాగ్ నలిగి ఉంటుంది. పడుకునే ముందు తీస్తే అది ఉబ్బడానికి టైము చాలదు. పడుకోవడానికి కనీసం అరగంట ముందు తీసి, రెండు చేతులతో అంచులు పట్టుకుని బాగా దులిపి, మ్యాట్ మీద పరచండి. డౌన్ (పక్షుల మెత్తని ఈకలు) నింపిన బ్యాగ్ అయితే గళ్లలో ఈకలు ఒక మూలకు చేరిపోతాయి. వెలుతురుకు ఎత్తి పట్టి చూస్తే పలచని గళ్లు తెలుస్తాయి. వేళ్లతో తట్టుతూ అటు నుంచి ఇటు సర్దండి.

డౌన్ తేలిక, వెచ్చన, కానీ తడిస్తే ముద్దకట్టి పనికిరాకుండా పోతుంది. సింథటిక్ (కృత్రిమ పీచు) బరువు, అయినా తడిలో కొంత వేడి నిలుపుతుంది. వాన, తేమ ఎక్కువుండే చోట్లకు సింథటిక్, పొడి చలికి డౌన్.

బ్యాగ్ మీ ఎత్తుకన్నా చాలా పొడవైతే పాదాల దగ్గర ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని వెచ్చబెట్టేదీ మీ ఒళ్లే. మర్నాడు తొడుక్కునే పొడి బట్టలు అక్కడ కూరండి. ఖాళీ నిండుతుంది, పొద్దున్న బట్టలూ వెచ్చగా ఉంటాయి.

పడుకునే ముందు గంట

మొదట ఒంటి మీదున్నవన్నీ మార్చుకోండి. పగటి బట్టలు పొడిగా ఉన్నట్టు అనిపించినా చెమట చెమ్మ ఉంటుంది. ముఖ్యంగా సాక్స్. చలి వేయకముందే మార్చుకోవాలి. వణుకుతూ బట్టలు విప్పడం ఎవరికీ మనసొప్పదు, వాయిదా పడిపోతుంది. నిద్రకోసమని ఒక జత ఉన్ని గానీ సింథటిక్ గానీ థర్మల్స్, వదులైన ఉన్ని సాక్స్ విడిగా ఉంచుకుని, వాటిని టెంటులో తప్ప ఎక్కడా వాడకండి. నూలు బట్టలు తడిని పట్టుకుని వదలవు, వాటిని పక్కన పెట్టండి. సాక్స్ బిగుతుగా ఉంటే రక్తం ఆడక పాదాలు ఇంకా చల్లబడతాయి. రెండు జతలు బిగించడం కన్నా వదులుగా ఒక్క జత నయం.

అన్నీ తొడుక్కుని పడుకుంటే బ్యాగ్ పనిచేయదని, తక్కువ బట్టలతోనే పడుకోవాలని కొందరు గట్టిగా చెబుతారు. అది నిజం కాదు. బట్టల పొర ఎప్పుడూ తోడే. తేడా వచ్చేది లావుపాటి జాకెట్టుతో బ్యాగ్ లోపల ఇరుకై, ఈకలు నలిగినప్పుడు. అలాంటప్పుడు జాకెట్టును బ్యాగ్ పైన, రొమ్ము మీదుగా కప్పుకోండి.

తర్వాత ఏదైనా తినండి. కడుపు ఖాళీగా ఉంటే ఒళ్లు సరిపడా వేడి పుట్టించలేదు. కొవ్వు ఉన్న తిండి నిదానంగా అరుగుతుంది కాబట్టి ఎక్కువసేపు ఆసరా ఉంటుంది: గుప్పెడు గింజలు, చీజ్, చాక్లెట్. తలగడ పక్కన ఇంకొంచెం పెట్టుకోండి, అర్ధరాత్రి పనికొస్తుంది. మద్యం వద్దు. తాగగానే చర్మం కింద రక్తనాళాలు విప్పారి వెచ్చగా అనిపిస్తుంది, లోపలి వేడి చర్మం దాకా వచ్చి బయటికి పోయేది కూడా అలాగే.

మూత్రానికి వెళ్లి వచ్చాకే పడుకోండి. చలిలో చర్మం దగ్గరి రక్తనాళాలు ముడుచుకుని రక్తం లోపలికి చేరుతుంది, కిడ్నీలు ఎక్కువ మూత్రం తయారుచేస్తాయి. రాత్రి మెలకువ వస్తే ఓర్చుకుంటూ పడుకోవడం వల్ల పోయేది నిద్రే. లేచి వెళ్లి రండి, లేదా గుర్తు కట్టిన వెడల్పు మూతి సీసా ఒకటి చేతికందేలా పెట్టుకోండి.

చివరగా ఐదు నిమిషాలు చురుగ్గా నడవండి, గుంజీలు తీయండి. బ్యాగ్ ఉన్న వేడిని నిలుపుతుంది కాబట్టి అందులోకి వెచ్చగా దూరాలి. చెమట పట్టేంత మాత్రం చేయొద్దు.

వేడినీళ్ల సీసా

అన్నిటికన్నా తక్కువ శ్రమతో ఎక్కువ ఫలం ఇచ్చేది ఇది. ఒక లీటరు నీళ్లు 95 డిగ్రీల నుంచి 35కు చల్లారేలోపు వదిలే వేడి సుమారు 70 వాట్-అవర్లు, అంటే నిద్రలో మీ ఒళ్లు గంటసేపు పుట్టించే వేడంత. దాన్ని నాలుగైదు గంటలపాటు కొద్దికొద్దిగా మీకు అందిస్తుంది.

సీసా మరిగే నీళ్లకు తట్టుకునే గట్టి ప్లాస్టిక్‌ది గానీ ఒకే పొర ఉన్న స్టీలుది గానీ అయ్యుండాలి. వాడి పారేసే పలచని సీసా ముడుచుకుపోయి కారుతుంది. ఫ్లాస్కు వేడిని బయటికి రానివ్వదు కాబట్టి పనికిరాదు. నీళ్లు పోసి మూత బిగించాక, సీసాను తలకిందులు చేసి నిమిషం సేపు పట్టుకోండి. ఒక్క చుక్క కారినా మూత తీసి మరలు తుడిచి మళ్లీ బిగించండి. బ్యాగ్ లోపల లీటరు నీళ్లు ఒలికితే ఆ రాత్రి ఇక వెచ్చబడదు. తర్వాత మందపాటి సాక్స్‌లో దూర్చండి. అది లేకుండా చర్మానికి ఆనిస్తే నిద్రలో కాలి బొబ్బలెక్కుతుంది. పడుకోవడానికి పది నిమిషాల ముందు బ్యాగ్ అడుగున, పాదాలుండే చోట పెట్టండి. మీరు లోపలికి దూరాక తొడల మధ్యకు తెచ్చుకోండి. పెద్ద రక్తనాళాలు చర్మానికి దగ్గరగా పోయేది అక్కడే, ఆ వెచ్చదనం ఒళ్లంతా తిరుగుతుంది.

నీళ్లు కాచే స్టవ్ కూడా చలికి మొరాయిస్తుంది. క్యానిస్టర్‌లో, అంటే స్టవ్‌కు తగిలించే గ్యాస్ డబ్బాలో, ఇంధనం ద్రవంగా ఉంటుంది. అందులోని బ్యూటేన్ సున్నా దగ్గర గ్యాస్‌గా మారడం మానేస్తుంది. ఐసోబ్యూటేన్ మైనస్ 12 దాకా, ప్రొపేన్ మైనస్ 42 దాకా మారతాయి. ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిసిన క్యానిస్టర్ తీసుకోండి. వాడబోయే ముందు కాసేపు జాకెట్టు లోపల ఉంచండి.

లోపలికి దూరాక

జిప్ మొత్తం లాగండి. మెడ చుట్టూ ఉండే తాడు బిగిస్తే, మీరు కదిలినప్పుడల్లా లోపలి వెచ్చని గాలి బయటికి పోదు. చాలామంది ఈ తాడును ముట్టనే ముట్టరు. తలకు ఉన్ని టోపీ పెట్టుకోండి. ఒంటి వేడిలో సగం తల నుంచే పోతుందనే మాట అబద్ధం, మిగతా ఒళ్లంతా కప్పి ఉన్నప్పుడు తల ఒక్కటే బయట ఉంటుంది, అంతే సంగతి.

ముసుగు తన్ని పడుకోవడం మనకు అలవాటు. ఇక్కడ మాత్రం ముక్కూ నోరూ బయటే ఉంచండి. రాత్రంతా ఊపిరిలో పోయే తడి తక్కువేం కాదు. అది బ్యాగ్‌లోకి పోతే తెల్లారేసరికి ఈకలు చెమ్మగిల్లి చల్లబడతాయి. ముఖానికి చలిగా ఉంటే మెడ చుట్టూ పలచని గుడ్డ చుట్టి ముక్కు మీదికి లాక్కోండి.

ఇదే తడి కోసం టెంటు వెంటిలేటర్లు తెరిచి ఉంచాలి. అన్నీ బిగిస్తే వెచ్చగా ఉంటుందనుకుంటాం. తెల్లారి చూస్తే టెంటు లోపలి గుడ్డంతా పలచని తెల్లని పొడిలా మంచు పట్టి ఉంటుంది. మోచేయి తగిలితే చాలు, ముఖం మీద రాలుతుంది, బ్యాగ్ మీద పడి కరుగుతుంది.

చలికి పాడయ్యేవి మీతోపాటే లోపల పెట్టుకోండి: ఫోను, పవర్ బ్యాంక్, హెడ్‌ల్యాంప్ బ్యాటరీలు, నీటి ఫిల్టర్. సన్నని గొట్టాల రకం ఫిల్టర్ ఒక్కసారి గడ్డకడితే లోపల చిట్లిపోతుంది, పైకి ఏమీ తెలియదు, ఇక దాన్ని నమ్మకూడదు. తాగేనీళ్ల సీసాను తలకిందులుగా పెట్టండి. మంచు పై నుంచి కడుతుంది, మూత దగ్గర నీళ్లు గడ్డకట్టకుండా ఉంటాయి. బూట్లను సంచిలో చుట్టి టెంటు లోపలికి తెచ్చుకోండి.

టెంటులో నిప్పు వద్దు

స్టవ్, బొగ్గుల కుంపటి, గ్యాస్ హీటర్, ఏదీ టెంటులో పెట్టుకుని పడుకోవద్దు. తలుపు కాస్త తెరిచి ఉంచాం కదా అన్నా వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మగత వస్తాయి, నిద్రలో ఉన్నవారికి అవీ తెలియవు. బూడిద కమ్మి ఆరిపోయినట్టు కనిపించే బొగ్గులు కూడా ఆ వాయువును వదులుతూనే ఉంటాయి. నెగడు దగ్గర మిగిలిన నిప్పులను వెచ్చదనం కోసం లోపలికి తెచ్చుకుని మళ్లీ లేవనివాళ్లున్నారు. తలనొప్పితో మెలకువ వచ్చి, దగ్గర్లో ఏదైనా మండుతుంటే, ముందు అందరినీ బయటికి లాగండి, తర్వాతే మిగతావి.

అర్ధరాత్రి చలికి మెలకువ వస్తే

సర్దుకుంటుందిలే అని ముడుచుకుని ఉండకండి. తెల్లవారుజాముకు చలి ఇంకా పెరుగుతుంది. ముందు చలి ఎటు నుంచి వస్తోందో పట్టుకోండి. వీపు, తుంటి చల్లగా ఉంటే మ్యాట్ లోపం: గాలి నింపండి, సంచి, బట్టలు కిందకు తోయండి. ఒళ్లు వెచ్చగా ఉండి పాదాలు ఒక్కటే చల్లగా ఉంటే సాక్స్ చెమ్మగా ఉన్నాయేమో చూసి మార్చండి, జాకెట్టు జిప్ వేసి బ్యాగ్ కాళ్ల చివరకు తొడగండి. ఒళ్లంతా చల్లగా ఉంటే తినండి, నీళ్లు మళ్లీ కాచి సీసా నింపండి. స్టవ్ వెలిగించేది టెంటు బయటే. పడుకున్న చోటే తొడలు, పిరుదులు, పొట్ట కండరాలు బిగించి పది దాకా లెక్కపెట్టి వదలండి, అలా 20 సార్లు చేస్తే వేడి తెలుస్తుంది. చెమట పట్టి తడిసిపోతే మాత్రం జిప్ కొద్దిగా దించండి, గంటలో ఆ చెమటే చలి అవుతుంది.

పక్కవారి మీద కన్నేసి ఉంచండి, పిల్లలైతే మరీను, వాళ్ల ఒళ్లు త్వరగా చల్లబడుతుంది. ఆగకుండా వణుకు, మాట ముద్దగా రావడం, జిప్ కూడా లాగలేకపోవడం, పొంతనలేని జవాబులు హైపోథెర్మియా గుర్తులు, అంటే లోపలి వేడి 35 డిగ్రీల కన్నా దిగిపోతోందన్నమాట. తెలివి తప్పుతూ వణుకు ఆగిపోతే కోలుకున్నారని సంబరపడకండి, అది ఇంకా ప్రమాదం. తడి బట్టలు తీసి పొడివి వేయండి. కిందా పైనా ఉన్నవన్నీ చుట్టండి. గుడ్డ చుట్టిన వేడి సీసాలు చంకల్లో, రొమ్ము మీద పెట్టండి. స్పృహలో ఉండి మింగగలిగితే వెచ్చని తీపి నీళ్లు పట్టండి. చేతులూ కాళ్లూ రుద్దవద్దు, నడిపించవద్దు, వెంటనే సహాయానికి కబురు చేయండి.

తెల్లారాక

రెండో రాత్రి ఎలా గడుస్తుందన్నది పొద్దున్నే తేలిపోతుంది. లేవగానే బ్యాగ్‌ను చుట్టేయకండి. లోపలి తడిగాలి పోయేలా కాళ్ల వైపు నుంచి తల వైపుకు నొక్కి, జిప్ తెరిచి, లోపలి వైపు పైకి తిప్పి ఎండలో గానీ గాలిలో గానీ అరగంట వేయండి. టెంటు లోపల పట్టిన మంచును కరగకముందే దులిపేయండి, కరిగితే తుడవాలి. ఆ రోజు ఎండే రాకపోతే మధ్యాహ్నం ఆగినప్పుడు పది నిమిషాలైనా బ్యాగ్‌ను బయటికి తీసి కొమ్మకు వేయండి. ఇంటికి చేరాక దాన్ని ఇరుకు సంచిలో ఉంచేయవద్దు. నెలల తరబడి నలిగితే ఈకలు మళ్లీ ఉబ్బవు. పూర్తిగా ఆరబెట్టి, పెద్ద వదులు సంచిలో వేయండి, లేదా అల్మారాలో వేలాడదీయండి.